టీ, ఐదు, ఎల్, యూ

పన్నెండు దాటింది. ఆయన గురక మొదలై గంటయింది. అత్తయ్య గదిలో దగ్గు కూడా ఆగింది. నాకే నిద్ర రావడం లేదు. పొద్దున స్టాఫ్ రూమ్‌లో నేను అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది. "ముట్టుకోకు!" అన్నాను. ఆ తర్వాత గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఆదివారమంతా కూర్చుని సంధుల మీద స్లిప్ టెస్టుకు ప్రశ్నలు ఆర్బిట్‌లో రాసుకున్నాను. నాలాంటి చూపు లేనివాళ్ళు బ్రెయిల్ చుక్కల్లో రాసుకుని, వేళ్ళతో తడిమి చదువుకునే చిన్న యంత్రం అది. మొత్తం 42. ల్యాప్‌టాప్ ఆయనతో ఊరెళ్ళింది, రాత్రికి గానీ రాలేదు కాబట్టి వాటిని కాలేజీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ప్రింటు తీయించుకోవాలి. ఒక వైరు కలిపితే అయిపోయే పని.

ముందు ఆ వైరే ఏడిపించింది. హడావిడిలో చిన్నది తన పాత ఫోను చార్జింగ్ వైరు నా బ్యాగులో పడేసింది. చేత్తో తడిమితే రెండూ ఒకేలా ఉంటాయి, అదే మైక్రో యూఎస్‌బీ పిన్ను, అదే పొడవు. తేడా అంతా లోపలే. చార్జింగ్ వైరులో కరెంటు తీగలు రెండే ఉంటాయి, ఫైళ్ళు మోసే మిగతా రెండు తీగలు ఉండవు. వైరు కలపగానే కంప్యూటర్ 'టుడుంగ్' అనాలి. అనలేదు. ఆర్బిట్ చార్జింగ్ అవుతోంది కదా, వైరు బాగానే ఉంది అనుకుని పోర్టులు మార్చాం, సిస్టమ్ ఆపి మళ్ళీ ఆన్ చేశాం. అరగంట పోయింది. చివరికి ఎకనమిక్స్ మేడమ్ తన వైరు ఇచ్చారు. టుడుంగ్.

ఆర్బిట్‌ను మాస్ స్టోరేజ్ మోడ్‌లో పెట్టాను. అప్పుడు దానిలోని ఎస్‌డీ కార్డు కంప్యూటర్‌కు పెన్ డ్రైవ్‌లా కనిపిస్తుంది. అలా ఉన్నంతసేపూ ఫైళ్ళన్నీ అటే, నా వేళ్ళ కిందికి ఏమీ రాదు. మామూలుగా అయితే ఫర్వాలేదు. తెర మీదిది చదివే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉన్న సిస్టమ్ అయితే అదే పైకి చదివి చెబుతుంది. ఆర్బిట్ రాసేది బీఆర్‌ఎఫ్ ఫైలు, అంటే ఒక్కో బ్రెయిల్ గడికి ఒక్కో ఇంగ్లీషు అక్షరమో అంకో గుర్తో ఉండే ఫైలు. దాన్ని తెలుగు అక్షరాల్లోకి తిప్పడానికి లిబ్‌లూయీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. రెండూ ఉచితం. ఎన్‌వీడీఏ 2006 నుంచీ ఉంది, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్ డ్రైవ్ నుంచి కూడా నడుస్తుంది. నేను పోరి పోరి ఒక్క సిస్టమ్‌లో పెట్టించుకుంటే, దాన్ని కాస్తా అడ్మిషన్ల పనికి తీసుకుపోయారు. నాతో ఒక్క మాట అనలేదు. మిగతా సిస్టమ్‌లో పెన్ డ్రైవ్ నుంచి నడుపుదామంటే యాంటీవైరస్ ఒప్పుకోలేదు. ప్రతి ఏడూ ఇదే అర్జీ, ఇదే సమాధానం. చూస్తాం మేడమ్, చూస్తాం మేడమ్. రాస్తుంటేనే మళ్ళీ తల వేడెక్కుతోంది.

కాబట్టి ఆపరేటర్ అబ్బాయి కూర్చుని ఫైలు తెరిచాడు. తెరిచి, "మేడమ్, ఇందులో అంతా పిచ్చి పిచ్చిగా ఉంది. టీ, ఐదు, ఎల్, యూ... వైరస్ పట్టేసినట్టుంది. ఫార్మాట్ చేసేయనా?" అన్నాడు.

అప్పుడే అరిచాను.

బ్రెయిల్ నోటుపుస్తకం లాంటిదే కదా అది. నాలుగేళ్ళ పాఠాలున్నాయి అందులో. ఎవరి పుస్తకమైనా చదవడం రాకపోతే పొయ్యిలో పెట్టేస్తారా? ఇంటికొచ్చేదాకా ఇదే తిరుగుతూ ఉంది మనసులో. వంట చేస్తున్నప్పుడు నాన్న గుర్తొచ్చాడు.

ఆరో తరగతిలో హాస్టల్ నుంచి ఇంటికి మొదటి ఉత్తరం రాశాను. బ్రెయిల్ స్లేటులో దళసరి కాగితం బిగించి, స్టైలస్ అనే మొన ఉన్న పుల్లతో కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ రెండు పేజీలు. మామూలుగా అయితే మా సారు వరసల మధ్య పెన్నుతో తెలుగు రాసి పంపేవారు. ఆ వారం ఆయన సెలవు. నేను ఆగలేక అలాగే పోస్టు చేయించాను. బ్రెయిల్ కాగితాలకు స్టాంపు కూడా అక్కర్లేదు. చారు నీళ్ళలా ఉందని, రాత్రుళ్ళు ఏడుపొస్తోందని, వచ్చి తీసుకెళ్ళమని రాశాను.

ఊళ్ళో దాన్ని చదవగలిగేవాళ్ళు ఎవరున్నారు? నాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దసరాకి నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు తీసి నా చేతిలో పెట్టి, "ఏం రాశావో చదువమ్మా, మీ అమ్మ రోజూ అడుగుతోంది" అన్నాడు. కాగితం మెత్తగా గుడ్డలా అయిపోయింది. చెమటకీ ఒత్తిడికీ చుక్కలన్నీ అణిగిపోయాయి. వేలు ఎక్కడ పెట్టినా నున్నగా జారిపోతోంది. చివరి వరసలో రెండే రెండు గళ్ళు మిగిలాయి. 'రా' అని. దాని మీద వేలు పెట్టుకుని, "నేను బాగున్నాను నాన్నా, లెక్కల్లో ఫస్టు వచ్చాను" అని చదివాను.

నాన్న ఒక్క చుక్క కూడా చదవలేకపోయినా పారేయలేదు, దాచాడు. ఈ అబ్బాయికి రెండు నిమిషాల ఓపిక లేదు. ఇలా రాద్దామనే సిస్టమ్ ముందు కూర్చున్నాను.

కానీ ఇక్కడిదాకా వచ్చాక అలా రాయలేకపోతున్నాను. ఆ అబ్బాయి ఫార్మాట్ చేయలేదు. చేయనా అని అడిగాడు. అర్థం కానిది నాన్న జేబులో పెట్టుకుని నన్ను అడిగాడు, ఇతను తెర మీద చూసి నన్ను అడిగాడు. అడిగిన మనిషి మీద అరిచాను నేను. ఏడిపించింది వైరు, సిస్టమ్ ఎత్తుకుపోయింది ఇంకెవరో.

పది నిమిషాల తర్వాత అతనే మళ్ళీ వచ్చాడు. "మేడమ్, టీ, ఐదు, ఎల్, యూ, జీ, యూ. ఇది 'తెలుగు' అనా?" అని నెమ్మదిగా అడిగాడు. అవును, ఆ ఐదు ఎత్వం అని చెప్పాను. బ్రెయిల్‌లో ఎ అంటే ఆరు చుక్కల గడిలో 2, 6 చుక్కలు, కంప్యూటర్ ఆ గడిని ఐదుగా చూపిస్తుంది. "మరి ఇక్కడ ఏ, ఎట్, సీ, సీ, యూ?" అన్నాడు. అది 'అచ్చు'. ఎట్ గుర్తు 4వ చుక్క, ఒత్తు వచ్చే చోట హల్లుకు ముందు పెడతాం. "అబ్బ!" అన్నాడు. ఆ అబ్బలో వెటకారం లేదు. చాలా సంతోషమేసింది నాకు.

కార్డు సేఫ్‌గా రిమూవ్ చేయించి, ఆర్బిట్ ఒళ్ళో పెట్టుకుని, 20 గళ్ళ చొప్పున జరుపుకుంటూ నేను చదివాను, అతను టైపు చేశాడు. 'రామయ్య' పదాన్ని విడదీసి సంధి పేరు రాయండి, అక్కణ్ణుంచి 42 దాకా. లంచ్ అవర్ అతనికీ పోయింది. బెల్లు కొట్టేశారని ప్రింట్లు పట్టుకుని క్లాసుకి పరుగెత్తాను. అరిచినందుకు సారీ చెప్పలేదు. అదే ఇప్పుడు పీకుతోంది.

చార్జింగ్ వైరు మొదట్లో టేపు చుట్టాను, రేపటి నుంచి వేలికి తెలుస్తుంది. ఎకనమిక్స్ మేడమ్ వైరు నా బ్యాగులోనే వచ్చేసింది, మొదటి పీరియడ్‌కు ముందే ఇచ్చేయాలి. కంప్యూటర్ గది ఆ పక్కనే. ముందు అక్కడికే వెళ్తాను.