అర్ధరాత్రి చింతపండు

నాకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది 54వ ఏట. ఆపరేషన్, 16 కీమోలు, రేడియేషన్ అన్నీ అయ్యాయి. వాటి గురించి చాలామంది రాశారు. నిద్ర గురించి మాత్రం నాకెవరూ ముందు చెప్పలేదు.

వారం వారం కీమోకి ముందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించిన రాత్రి రెప్ప పడేది కాదు. మందు వల్లే కదా, తగ్గుతుందిలే అనుకున్నాను. ఆ తర్వాత లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర మొదలైంది, దాంతో ఒళ్ళంతా ఆవిర్లు. జాకెట్ తడిసిపోయి లేచేదాన్ని. ఆవిరి పది నిమిషాల్లో తగ్గేది, నిద్ర తెల్లారేదాకా వచ్చేది కాదు.

అప్పుడు చూడ్డానికి వచ్చిన మా మేనత్త, బత్తాయిలు చేతిలో పెడుతూ, "నిద్ర లేకపోతే మళ్ళీ తిరగబెడుతుందటే, జాగ్రత్త" అంది. ప్రేమతోనే అంది. కానీ ఆ రోజు నుంచి పక్క ఎక్కాలంటే గుండె దడ. ఇంకా నాలుగు గంటలుంది, మూడు గంటలుంది అని గడియారం చూసుకోవడమే పని. మేలుకున్న ప్రతి గంటా ఒంట్లో ఏదో పెరుగుతున్నట్టే ఉండేది. ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

చెకప్‌లో చెబితే జూనియర్ డాక్టరు తలెత్తకుండా, "క్యాన్సరే తగ్గింది, నిద్రదేముందమ్మా" అని మాత్ర రాశాడు. రెండు నెలలు పనిచేసింది. తర్వాత ఒక రాత్రి ఒకటి చాలక రెండోది వేసుకున్నాను. బాత్రూమ్‌కి లేచినట్టు కూడా గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి గడప మీద పడి ఉన్నాను, కనుబొమ మీంచి రక్తం. మావారు పేరు పెట్టి పిలుస్తున్నారు, నాకు నోట మాట రావడం లేదు. మెదడుకి పాకింది, అందుకే పడ్డాను అనుకున్నాను. స్కాన్ రిపోర్టు వచ్చేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. ఏమీ లేదు, నాలుగు కుట్లతో పోయింది. అన్నవరం సత్యదేవుడికి అక్కడే మొక్కుకున్నాను.

ఆ మొక్కు ఫలమో ఏమో, తర్వాతి వారం పెద్ద డాక్టరుగారు నా మాట పూర్తిగా విన్నారు. నిద్రలేమికి మొదటి వైద్యం మాత్ర కాదు, అలవాట్లు మార్చే థెరపీ అని, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే అక్కడి వైద్యుల సంఘం 2016లోనే అలా చెప్పిందని అన్నారు. మన ఊళ్ళో నేర్పేవాళ్ళు లేకపోతే మీరే చేసుకోవచ్చు అన్నారు. కెనడాలోని క్యూబెక్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళకి వీడియోలిచ్చి ఇంట్లోనే చేయించారట. ఎదురుగా కూర్చుని చెప్పించుకున్నవాళ్ళంత కాకపోయినా, వాళ్ళకీ బాగానే తగ్గిందట. డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురు అంతా చదివి ఫోన్లో తెలుగులో చెప్పింది.

మొదటి వారం నోట్‌బుక్‌లో రాయడమే. పది నుంచి ఆరు దాకా మంచం మీద ఎనిమిది గంటలు, పట్టిన నిద్ర నాలుగున్నర. అంటే మంచం మీద గడిపినదాంట్లో నిద్ర 56 శాతం. కాబట్టి ఇక మంచం మీద ఉండాల్సింది, పట్టే నిద్రకి దగ్గరగా, ఐదు గంటలే: పన్నెండున్నరకి పడుకోవాలి, ఐదున్నరకి లేవాలి, పగలు కునుకు తీయకూడదు. ఇరవై నిమిషాలైనా పట్టలేదనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోవాలి, గడియారం చూడకూడదు. నిద్రే లేదని ఏడుస్తుంటే ఇంకా తగ్గించమంటారేంటి అని ఫోన్లో మా అక్క కూతురి మీద అరిచాను కూడా.

తొమ్మిదికే తూగు వచ్చేది. మేలుకోవడానికి వంటింట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీసేదాన్ని. పీచు లాగి, గింజ పళ్ళెంలో వేస్తే టక్కుమనేది. మావారు కూడా లేచి వచ్చి ఎదురుగా కూర్చుని పీచు తీసేవారు, "పడుకో" అని ఒక్కసారి అనలేదు. మొదటి పది రోజులు నరకం. రెండో వారం చివర ఒక రాత్రి దిండు మీద తల పెట్టింది గుర్తుంది, తర్వాత గుర్తున్నది పాలవాడి బెల్లే. 85 శాతం దాటిన వారం పావుగంట ముందుగా పడుకోవడం, అలా జరుపుకుంటూ వచ్చాను.

మీరు చేసేట్టయితే, మాత్రలు ఒక్కసారిగా ఆపకండి. డాక్టరుగారిని అడిగి తగ్గించుకోండి. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. ఆ మొదటి వారాల్లో బండి నడపొద్దు.

ఇప్పుడు పదకొండుకి పడుకుంటున్నాను. ఆవిర్లు ఇంకా వస్తాయి. లేచి జాకెట్ మార్చుకుని మళ్ళీ పడుకుంటాను. మొన్న సంక్రాంతికి మేనత్త వచ్చి, "నిద్ర పడుతోందా?" అంది. "పడుతోంది అత్తయ్యా" అని, గింజలు తీసిన చింతపండు రెండు కిలోలు కట్టి ఇచ్చాను.