పికప్ బానెట్ కింద పైపుల చిక్కు: నా అనుభవం

"ఆ పైపులన్నీ పీకి అవతల పారెయ్‌రా, నాలుగు రబ్బరు మూతలు బిగించు, బండి గుర్రంలా పోతుంది" అన్నాడు మా బావ. ఆ మాట నాకు తెగ నచ్చేసింది. నచ్చక చస్తుందా, అప్పటికి మూడు వారాలుగా ఐడ్లింగ్‌తో, అంటే బండి ఆగి ఉండగా ఇంజన్ తిరిగే తీరుతో, కుస్తీ పడుతున్నా.

బండి పాత టయోటా పికప్. 22ఆర్ ఇంజన్, 2366 సీసీ, నాలుగు సిలిండర్లు, కార్బ్యురేటర్ రకం. ఇంజన్ మొండిది, దానికి పేరు పెట్టడానికి లేదు. చిక్కంతా దాని నెత్తిన ఉన్న వ్యాక్యూమ్ పైపులతోనే, అంటే ఇంజన్ గాలి పీల్చే బలంతో వాల్వుల్ని ఆడించే సన్న పైపులతోనే. బానెట్ ఎత్తితే పిల్లి ఆడుకుని వదిలేసిన దారపు ఉండలా ఉంటుంది. పెన్సిల్ లావు పైపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో తెలియవు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బానే స్టార్టవుతుంది, వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం సూది 500కి, 900కి మధ్య ఊగిసలాడుతూ ఒక్కోసారి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే సైలెన్సర్లో టప్ టప్‌మని మోత. వెనక బండివాళ్ళ హారన్లు నాకు బోనస్.

పీకే ముందు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఫోన్లో నలభై ఫోటోలు తీసుకోవడం, ప్రతి పైపు రెండు చివర్లకీ మాస్కింగ్ టేప్ ముక్క చుట్టి అంకె వేయడం. లెక్కపెడితే చిన్న పైపులే ఇరవై ఆరు తేలాయి. బానెట్ లోపలి వైపు వ్యాక్యూమ్ పైపుల బొమ్మ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, మన బండిదైతే సగం చెరిగిపోయింది, మిగిలిన సగం మీద గ్రీజు వేలిముద్రలు. ఆ గ్రీజు తుడిచి దాన్ని కూడా ఫోటో తీశా. తర్వాత నన్ను కాపాడింది ఆ చెరిగిన బొమ్మే.

ఆ శనివారం బావ మాటే వేదం. కాలిన పొగని కొంత వెనక్కి ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు కింద రేకు ముక్క కోసి అడ్డం పెట్టాం. సైలెన్సర్ వైపు గాలి పంపే ఎయిర్ సక్షన్ పైపు తీసి మూత వేశాం. పెట్రోలు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా పైపులు ఊడదీసి పక్కన పడేశాం. వాల్వ్ కవర్ మీద, ఇంజన్ లోపలి గ్యాస్‌ని బయటికి లాగే పీసీవీ పైపు తీసేసి ఆ కన్నానికి ఒక బుల్లి ఫిల్టర్ తగిలించాం. సాయంత్రానికి బానెట్ కింద ఇంజన్ కనిపించింది, నిజంగా, అంతకు ముందు కనిపించేది కాదు! స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ సాఫీగా, సూది కదలకుండా నిలబడింది. బావ మీసం మెలేశాడు. నేనూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయా.

ఆ సంబరం పదిరోజులు కూడా నిలవలేదు.

మొదట వాసన. బండి ఎండలో పెట్టి అరగంట తర్వాత తలుపు తీస్తే పెట్రోలు బంకులో నిలబడ్డట్టు ఉంది. ట్యాంకులోంచీ కార్బ్యురేటర్ గిన్నెలోంచీ లేచే ఆవిరి ఇదివరకు ఆ బొగ్గు డబ్బాలో ఇంకి, ఇంజన్ నడిచేటప్పుడు లోపలికి పీల్చబడి కాలిపోయేది. ఇప్పుడు దారి లేక నా ముక్కు మీదికి వస్తోంది. తర్వాత నూనె. బుల్లి ఫిల్టర్ చుట్టూ జిడ్డు పేరుకుని వాల్వ్ కవరంతా తడితడిగా తయారైంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ కింద క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది, ఎంత కొత్త ఇంజన్ అయినా సరే. దాన్ని వ్యాక్యూమ్ లాగి మళ్ళీ సిలిండర్లోకి పంపడమే పీసీవీ పని. లాగేవాడు లేకపోతే ఆ గ్యాస్‌తో పాటు నీటి తేమ కూడా లోపలే ఉండి ఆయిలు బురదవుతుంది, అసలు దారి మూసుకుపోతే సీళ్ళు కారడం మొదలవుతుంది.

నన్ను బాగా భయపెట్టింది మాత్రం మూడోది. బరువుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్లోంచి కణకణమని చప్పుడు, డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు. నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు మిశ్రమం దానంతటదే పేలడం. ఇంతకు ముందు ఈ బండిలో అది విననే లేదు.

అప్పుడు కూర్చుని చదివా, చదవాల్సిన టైం ఎప్పుడో దాటిపోయాక. ఈజీఆర్ అంటే సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత వెనక్కి తీసుకొచ్చి సిలిండర్లోకి పంపేది. ఆ పొగ మళ్ళీ మండదు, మండేదాన్ని కాస్త చల్లబరుస్తుంది. సుమారు 1370 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నత్రజని కూడా కాలి నైట్రోజన్ ఆక్సైడ్లు గబగబా తయారవుతాయి, దాన్ని ఆపడానికే ఈ ఏర్పాటు. అయితే కంపెనీవాళ్ళు డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ అడ్వాన్స్‌నీ (స్పార్కు ఎంత ముందు పడాలన్నది), కార్బ్యురేటర్లో పెట్రోలు వచ్చే జెట్లనీ ఆ పొగ వస్తుందనే లెక్కతోనే పెట్టారు. పొగ ఆపేసి టైమింగ్ అలాగే వదిలేస్తే వేడి పెరిగి నాకింగ్ రాక ఏమొస్తుంది. పిస్టన్‌కి చిల్లు పడకముందే ఆ చప్పుడు నా చెవిన పడింది, నయం.

ఇంకోటి కూడా తెలిసింది. ఈ సామానంతా ఒక్క రోజులో వచ్చి పడింది కాదు. పీసీవీ 1961 మోడళ్ళతో కాలిఫోర్నియాలో మొదలైంది, పెట్రోలు ఆవిరి పట్టే డబ్బాలు 1970లో అక్కడే వచ్చి మరుసటి ఏడాది అమెరికా అంతటా వచ్చాయి, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్లు 1975 మోడళ్ళతో. ఒక్కో కొత్త నిబంధనకి ఒక్కో వాల్వు, ఒక్కో వాల్వుకి రెండేసి పైపులు, అలా పెరిగిందే నా బానెట్ కింది దారపు ఉండ. చట్టం సంగతి కూడా అక్కడే చూశా. అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్‌కి 1990లో చేసిన సవరణలతో, ఈ పొగ అదుపు సామాను మెకానిక్ తీసినా తప్పే, బండి యజమాని తనంతట తాను తీసినా తప్పే. రోడ్డు మీద తిరిగే బండి మరి. బావకి ఫోన్ చేసి చెబితే "నీకెందుకురా అంత చదువు" అన్నాడు.

సరే, వెనక్కి. అయితే ఈసారి గుడ్డిగా కాదు. ఒక వ్యాక్యూమ్ గేజీ, చేత్తో నొక్కే వ్యాక్యూమ్ పంపు తెచ్చుకున్నా. ఈ రెండూ లేకుండా ఈ పనికి దిగకండి, అంతే. పంపుతో వాల్వుల్లో ఉండే ఒక్కో డయాఫ్రమ్‌ని (పల్చటి రబ్బరు పొరని) లాగి చూడాలి, సూది నిలబడితే బాగున్నట్టు, జారిపోతే చిరిగినట్టు. నా ఇరవై ఆరు పైపుల్లో పదకొండు గట్టిపడి చివర్లు చిట్లి ఉన్నాయి. చేతిలో వంచితే ఎండుపుల్లల్లా విరిగాయి.

ఇక ఈజీఆర్ వాల్వు. విప్పి తిరగేసి టార్చి వేస్తే దాని నోట్లో మినపగింజంత మసి పెచ్చు ఇరుక్కుని ఉంది. వాల్వు పూర్తిగా మూసుకోకుండా ఆ పెచ్చే అడ్డుపడుతోంది, అంటే ఐడ్లింగ్‌లో అసలు రాకూడని పొగ ఎప్పుడూ లోపలికి కారుతూనే ఉందన్నమాట. మూడు వారాలు నన్ను ఏడిపించింది ఇదా! రేకు అడ్డం పెడితే ఐడ్లింగ్ బాగుపడింది ఎందుకో అప్పుడు వెలిగింది. బావ వైద్యం రోగానికి కుదిరింది, కాకపోతే వేలు నొప్పిగా ఉందని చెయ్యి కట్టేసినట్టు కుదిరింది. సన్నటి ఇనుప బ్రష్షుతో మసి గీకి, రేకు తీసేసి, కొత్త గాస్కెట్‌తో బిగించా. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా పంపుతో ఆ వాల్వుని లాగితే ఇంజన్ తడబడి ఆగబోయింది, వదిలితే మళ్ళీ సర్దుకుంది. అలా తడబడిందంటే పొగ దారి తెరిచే ఉన్నట్టు.

టప్ టప్ మోతకి కారణం ఎయిర్ సక్షన్ వాల్వు దగ్గర కాలిపోయిన గాస్కెట్. అక్కడి సందులోంచి బయటి గాలి సైలెన్సర్ దారిలోకి దూరి, కాలకుండా మిగిలిన పెట్రోలుని అక్కడ అంటించేది. గాస్కెట్ మార్చడం పావుగంట పని, కాకపోతే తుప్పు పట్టిన ఆ రెండు నట్లు విప్పడానికి నాకు పూట పట్టింది.

అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టింది ఏదో తెలుసా, నీళ్ళ దారిలో బిగించి ఉండే థర్మో వాల్వు. ఇంజన్ చల్లగా ఉంటే వ్యాక్యూమ్‌ని ఆపి, వేడెక్కాక దారి వదులుతుంది. దాని ప్లాస్టిక్ ముక్కులు ఏళ్ళ తరబడి వేడికి ఎండి పెళుసెక్కి ఉంటాయి. పైపు రావట్లేదని కాస్త మెలితిప్పా, ఠక్ మంది. చిన్న శబ్దమే, పైపుతో పాటు ముక్కు కూడా నా చేతిలోకి వచ్చేసింది. పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నా. కొత్త వాల్వు వచ్చేదాకా వారం బండి కదల్లేదు. ఆ తర్వాత నుంచి ఏ పైపూ లాగలేదు, బ్లేడుతో నిలువుగా చీరి ఒలిచా. ఎలాగూ పాత పైపే, పారేసేదే, దాని మీద జాలెందుకు.

పైపుల విషయంలో ఒక జాగ్రత్త. సిలికాన్ పైపు మెత్తగా, అందంగా ఉంటుంది, వేడిని తట్టుకుంటుంది, చిన్న వ్యాక్యూమ్ లైన్లకి బ్రహ్మాండం. పీసీవీకీ, బొగ్గు డబ్బాకీ మాత్రం వాడొద్దు, ఆయిలు, పెట్రోలు ఆవిరి తగిలితే అది ఉబ్బిపోతుంది. అక్కడికి పెట్రోలుని తట్టుకునే రబ్బరు పైపే వేశా. బ్రేకు బూస్టర్‌కి పోయే లావు పైపు జోలికి వెళ్ళనే లేదు, దాన్లో వన్‌వే వాల్వు సరిగ్గా ఉందో లేదో మాత్రం చూసి వదిలేశా. బ్రేకులతో ఆటలొద్దు.

అన్నీ తగిలించి స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ ఒక్కసారిగా 1300కి లేచింది! గుండె జారింది. ఏదో పైపు ఊడిందనుకుని ఒక పైపు ముక్క చెవిలో పెట్టుకుని రెండో చివర మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) చుట్టూ తిప్పా. లీకుంటే బుస్సుమని వినిపిస్తుంది. కొందరు కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు, వేడి సైలెన్సర్ పక్కన మండే స్ప్రే కొట్టే ధైర్యం నాకు లేదు. బుస్సు ఎక్కడా లేదు. గంట తర్వాత ఫోటోలు తిరగేస్తే తెలిసింది, డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ పైపుని కార్బ్యురేటర్ మీద ఉండాల్సిన ముక్కుకి కాక మానిఫోల్డ్ ముక్కుకి తగిలించా. మానిఫోల్డ్ ముక్కులో ఐడ్లింగ్‌లోనే పూర్తి వ్యాక్యూమ్ ఉంటుంది, కార్బ్యురేటర్ ముక్కు మాత్రం యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ పలకకి కాస్త పైన ఉంటుంది కాబట్టి కాలు మోపితేనే లాగుతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా, పక్కపక్కనే. గేజీ తగిలించి చూస్తే క్షణంలో తేడా తెలిసిపోయేది, తొందరలో చూడలేదు.

మరి ఏమీ తీసెయ్యలేదా అంటే, తీశా. ఏసీ ఎప్పుడో పోయింది, కంప్రెసర్‌ని నాకన్నా ముందున్నవాళ్ళే ఊడబీకారు. కానీ ఏసీ వేసినప్పుడు ఐడ్లింగ్ పెంచే చిన్న వాల్వు, దాని పైపులు అలాగే వేలాడుతున్నాయి. వాటితో ఏ ఉపయోగమూ లేదు, తీసి మూతలు వేశా. ఇంకెవరో పుణ్యాత్ములు రిపేరు పేరుతో పైపుకి పైపు అతికించి T ఆకారపు టీ ముక్కలు పెట్టారు, స్టిక్కర్ బొమ్మలో లేని మూడు టీలు, ఒకదాని చివర మేకు దూర్చి ఉంది, నిజంగా ఇనుప మేకు. అవన్నీ పోయాయి. ఇరవై ఆరు కాస్తా పంతొమ్మిది అయ్యాయి, అవి కూడా సరైన పొడవులో, వంకర్లు లేకుండా.

చివరికి ట్యూనింగ్. వేడెక్కనిచ్చి, స్టిక్కర్ చెప్పినట్టు అడ్వాన్స్ పైపు తీసి మూసి, లైటుతో టైమింగ్ చూసి మళ్ళీ తగిలించా. మిక్స్చర్ స్క్రూ మెల్లగా తిప్పుతూ వ్యాక్యూమ్ ఎక్కడ గరిష్టంగా వస్తుందో పట్టుకుని, స్క్రూ కాస్త లీన్ వైపు (పెట్రోలు తగ్గే వైపు) తెచ్చా. మొదట్లో వ్యాక్యూమ్ గేజీ పద్నాలుగు అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర వణికేది, ఇప్పుడు పంతొమ్మిది దగ్గర నిలబడింది. ఐడ్లింగ్ 700. ఎత్తు ఎక్కినా గోళీల చప్పుడు లేదు, పెట్రోలు వాసన లేదు.

మొన్న బావ వచ్చి బానెట్ ఎత్తి "ఇంకా ఇన్ని పైపులు ఉంచావేంట్రా" అన్నాడు. బండి స్టార్ట్ చేసి తాళాలు ఆయన చేతికిచ్చా. ఒక రౌండు వేసి వచ్చాడు, ఏమీ అనలేదు, తన పాత బండికి ఈజీఆర్ వాల్వు ఎలా శుభ్రం చేయాలో మాత్రం అడిగాడు.