పిడికెడు బియ్యం

మిర్చి యార్డులో దగ్గేవాణ్ని ఎవరూ పట్టించుకోరు. సీజన్లో గుంటూరు యార్డులో అడుగుపెట్టిన ప్రతివాడూ దగ్గుతాడు, తుమ్ముతాడు, సరుకు తెచ్చిన రైతుతో సహా. నేను 18 ఏళ్లుగా ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. కాటా దగ్గర నిలబడి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్క రాసుకుంటుంటే తేజ రకం మిర్చి ఘాటు నేరుగా నడినెత్తికెక్కుతుంది. అందుకే పోయినేడు సంక్రాంతికి మొదలైన దగ్గు ఈస్టర్ దాటినా తగ్గకపోతే ఘాటే అనుకున్నాను. వీధి చివర డాక్టరు గారు రెండుసార్లు సిరప్పు మార్చారు. ఆయన్ని అనడానికీ లేదు. “యార్డు దగ్గండీ” అని రోగం పేరు ముందే నేను చెప్పేసేవాణ్ని.

సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రిళ్లు బనీను పిండుకునేంత చెమట. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కొట్టుకున్నాను, కొన్నాళ్లకి ఇంకోటి. ఆ రెండో బెజ్జం చూసి మా ఆవిడ నన్ను ప్రభుత్వాసుపత్రికి లాక్కెళ్లింది. కళ్లె పరీక్ష, ఎక్స్‌రే. టీబీ అన్నారు. 64 కిలోలుండేవాణ్ని, కాటా మీద 53 చూపించింది. రోజూ టిక్కీల బరువు రాసేవాడికి తన బరువు తెలియలేదు.

రోజుకి 4 మాత్రలు. మొదటి 2 నెలలు నాలుగు మందులు కలిపినవి, తర్వాత 4 నెలలు మూడు మందులవి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దని ముందే చెప్పారు. అయినా మొదటిరోజు కంగారు పడ్డాను. ఇంట్లోవాళ్లకీ పరీక్షలు చేసి, ఎవరికీ లేదని తేలాక, రాకుండా ఉండటానికి వారానికోసారి చొప్పున 12 వారాలు మాత్రలిచ్చారు. నా తొమ్మిదేళ్ల కొడుకు మాత్ర మింగలేక మొహం వికారంగా పెట్టిన ప్రతిసారీ నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ని.

ఇక డబ్బు. యజమాని రెండు నెలలు సగం జీతం పంపారు. ఆపైన అడగడానికి నాకే మొహం చెల్లలేదు. టీబీ వాళ్లకి తిండి కోసం ప్రభుత్వం బ్యాంకులో వేసే నెలకి 1,000 రూపాయలు గుడ్లకీ పాలకీ పోయేవి. 2024 నవంబరు ముందు అది 500 మాత్రమేనట.

ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పాలి. ఏటా మా చర్చిలో కోత పండగకి ఎవరి దగ్గరున్నది వాళ్లు తెస్తారు, కోళ్లు, కూరగాయలు, అరటి గెలలు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఒక ఏడు నేను గుమ్మడికాయని 1,100కి పాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ఎన్నిసార్లు విన్నానో, ఆరోజు మాత్రం నా రెండు చేతులకీ, ఊరంతటికీ తెలిసింది. మా ఆవిడ వారం పాటు ఆ గుమ్మడికాయే వండిపెట్టింది, ఒక్క మాట అనకుండా.

ఆవిడ ఇచ్చే పద్ధతి వేరు. పూటపూటా అన్నానికి బియ్యం కొలిచాక ఒక పిడికెడు తీసి హార్లిక్స్ సీసాలో వేస్తుంది. చర్చిలో చాలా ఇళ్లలో ఇంతే. ఆదివారం అవన్నీ ఒకే బస్తాలో పోస్తారు, ఎవరికి కష్టముంటే వాళ్లింటికి చేరతాయి. ఆ పిడికెడు పిల్లలతో వేయించాలని పట్టుబట్టింది నేనే. ఇవ్వడం చిన్నప్పట్నుంచే అలవాటవ్వాలని లెక్చర్లు కూడా ఇచ్చాను.

జూన్‌లో ఒక సాయంత్రం మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య, ఇంకో ఇద్దరు ఆటోలో వచ్చారు. “వందనాలండీ, ఎలా ఉంది తమ్ముడికి?” అంటూ గుమ్మం పక్కన బస్తా దించారు. నాకు అర్థమైంది. నిద్ర నటించాను. వాళ్లు ప్రార్థన చేసి వెళ్లేదాకా దగ్గు కూడా ఆపుకున్నాను.

“తిరిగి పంపించెయ్. మనం తీసుకునేవాళ్లం కాదు” అన్నాను.

మా ఆవిడ చేట తెచ్చుకుంది. “మీ అమ్మ ఎక్కడ పుట్టింది?” అంది.

కుగ్లర్ ఆస్పత్రిలో. మా అమ్మమ్మ వెయ్యిసార్లు చెప్పిన కథే. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో అమెరికా నుంచి గుంటూరొచ్చింది, 1898లో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచింది. ఆ డాక్టరమ్మ పోయిన చాలా ఏళ్లకి మా అమ్మ అక్కడ పుట్టింది.

“ఆ కాన్పుకి మీ తాత ఎంత కట్టాడు?”

కూలికెళ్లేవాడు, ఏం కడతాడు? నేను మాట్లాడలేదు. పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. ఇచ్చేటప్పుడు నా మొహం వాళ్లకి బాగా తెలుసు. తీసుకునేటప్పుడు ఎలా ఉంటుందో అదే చూడటం.

మా వాడు చేట దగ్గర కూచుని ఒక్కో గింజా వేలితో జరపడం మొదలెట్టాడు. సన్నబియ్యం, రేషన్ దొడ్డుబియ్యం, పాతవి, కొత్తవి, నూకలు, ఎక్కడో ఒక ఎర్ర గింజ.

“ఏం వెతుకుతున్నావురా?”

“మనం వేసినవి ఇందులో ఉంటాయిగా నాన్నా. ఏవా అని.”

ఆ బియ్యం వండటం మా ఆవిడకి పరీక్షే అయింది. నీళ్లెక్కువైతే కొత్తబియ్యం ముద్దయ్యేది, తక్కువైతే దొడ్డుబియ్యం పలుకుగా ఉండేది. ఎలా వండినా సగం మెత్తగా, సగం బిరుసుగా. మజ్జిగ పోసుకుని తినేవాణ్ని. మొదటి నెలలో అన్నం వాసనకే కడుపులో తిప్పేది, రెండో నెలకి మారు వడ్డించుకున్నాను. మళ్లీ రెండుసార్లు బస్తా వచ్చింది. మూడోసారి మంచం మీంచి లేచి గుమ్మం దాకా వెళ్లి, మాస్కు సర్దుకుని “వందనాలండీ” అన్నాను. అంతకన్నా ఏమనాలో తెలియలేదు.

అక్టోబరు ఆఖరుకి మాత్రలైపోయాయి. పరీక్షలో ఏమీ లేదన్నారు. 61 కిలోలు. కొట్టుకి వెళ్లి మొదటి జీతం తీసుకున్నరోజు పాత సన్నబియ్యం బస్తా కొన్నాను. ఆ రాత్రి అన్నం మల్లెపూవులా విడివిడిగా వచ్చింది. మా వాడు రెండు ముద్దలు తిని కంచంలోకి చూశాడు.

“అమ్మా, ఇవాళ పలుకుల్లేవేంటి?”