బతికుండగా మోసే నలుగురు

చీమకుర్తిలో మా గ్రానైట్ ఆఫీసు మెట్లెక్కుతుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతి నాకు తెలియలేదు. కింద నుంచి ఆఫీసు కుర్రాడు "అన్నా, చెప్పు ఇక్కడే వదిలేశావే" అంటూ తెచ్చిచ్చాడు. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక ఫంక్షన్లో తిన్నది పడక విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. ఆ తర్వాత కాలివేళ్ళ చివర తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగరేమోనని పరీక్ష చేయిస్తే లేదన్నారు. మర్నాడు కింద కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. మోకాళ్ళు, తొడలు, చేతులు... నీళ్ళు ఎక్కినట్టు కింద నుంచి పైకి ఎక్కింది బలహీనత.

ఒంగోల్లో డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఎగరలేదు. రెండో కాలు చూశారు, అదీ అంతే. "ఆలస్యం చెయ్యకండమ్మా, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అని నా భార్యతో అన్నారు. నెల్లూరు బయల్దేరాం. అంబులెన్సు సింగరాయకొండ దాటేసరికే నా మాట ముద్దగా వస్తోంది.

జబ్బు పేరు గులియన్ బారీ సిండ్రోమ్. 1916లో దాన్ని వివరించిన ఫ్రెంచి డాక్టర్ల పేర్లే దానికి పెట్టారు. జీబీఎస్ అంటారు. 2025 మొదట్లో పూణేలో చాలామందికి వచ్చినప్పుడు పేపర్లలో ఈ పేరు చూసే ఉంటారు. మామూలుగా ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. విరేచనాలో, జలుబో తగ్గాక, ఆ క్రిముల మీద పోరాడిన మన రోగనిరోధక శక్తే పొరపాటున మన నరాల మీద పడుతుంది. వెన్నులోంచి నీరు తీసి చూస్తే ప్రోటీను ఎక్కువగా, కణాలు మామూలుగా ఉంటాయి. నాకూ అలాగే ఉన్నాయి. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష కూడా చేశారు. ఈ జబ్బులో భయమంతా ఊపిరి గురించి. నూటికి ఇరవై ముప్ఫై మందికి వెంటిలేటరు అవసరమవుతుంది. అందుకే గంటకోసారి నర్సు వచ్చి, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలవో చెప్పమనేది. ఇరవై దాటాలి. నేను మధ్యలోనే ఆగిపోయేవాణ్ణి. రాత్రి కళ్ళు మూతపడేవి కావు, రెప్పలకు టేపు అంటించేవారు. మనసు మాత్రం పూర్తిగా మెలకువగా ఉండేది. అన్నీ వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి, ముక్కు మీద దోమ వాలితే తోలుకోలేను.

మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. ఎవరి ముందూ చెయ్యి చాపకూడదన్నది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. ఆయన మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. మావాళ్ళు ఊరి బావి దగ్గరికి పోలేని రోజులు, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగిన రోజులు ఆయన చూశారు. ధాత కరువులో, అంటే 1876-78లో, మా తాతకు తాత బకింగ్‌హాం కాలవ తవ్వకానికి పోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌగారు ఆ కాలవలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించి కూలి ఇప్పించాడు. బిచ్చం వెయ్యకుండా పని ఇచ్చాడు కదా, దాని విలువ మా నాన్నకు బాగా తెలుసు. ఇంకొకటి కూడా ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. కరువు సాగినన్నాళ్ళూ క్లౌగారు బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం మతంలో కలిశారని రేపు ఎవరూ అనకూడదని. కరువు గండం గడిచాక 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అలాంటి ఇంట్లో పుట్టినవాడు తలెత్తుకు బతకాలనుకోవడం న్యాయమే. ఆత్మగౌరవాన్ని నేను ఈ రోజుకీ తక్కువ చేసి మాట్లాడను. మనిషి ముందు వంగనని చెప్పడానికి మావాళ్ళు ఎన్ని దెబ్బలు తిన్నారో నాకు తెలుసు. అయితే మా తరంలో అది నెమ్మదిగా ఇంకోలా మారింది. ఉద్యోగం, ఒంగోల్లో ఇల్లు, కారు, కారు అద్దం మీద దేవుని కృప అని అక్షరాలు. పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే మర్నాడే బదులు గిన్నె పోవాలి. ఆసుపత్రికి ఎవరైనా తోడొస్తే పెట్రోలు డబ్బులు జేబులో పెట్టాలి. పిల్లల్ని ఎత్తుకున్నా, పెద్దవాళ్ళని చూసుకున్నా, శవపేటిక తెచ్చినా ఇప్పుడు డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకుంటున్నాం. ఇచ్చేశాం కాబట్టి రుణం తీరిపోయిందనుకుంటాం. చుట్టూ ఉన్న లోకమంతా దీన్ని మెచ్చుకుంటుంది. "ఎవరి మీదా ఆధారపడలేదయ్యా ఆయన" అనేది ఈ రోజు ఒక మనిషికి ఇచ్చే పెద్ద బిరుదు. నాకూ ఆ బిరుదు ఉండేది.

ఐసీయూలో ఆ బిరుదు ఎందుకూ పనికిరాలేదు. ఒక ఆయమ్మ ఉండేది, యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. నన్ను పక్కకు తిప్పి, తుడిచి, గుడ్డ మార్చి, వీపుకు పౌడరు రాసేది. మొదటి రోజు సిగ్గుతో కళ్ళలో నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి చేతులు పైకి లేవలేదు. ఆమే తుడిచింది. "ఎందుకు నాయనా ఏడుస్తావు, మా అబ్బాయికి చెయ్యలేదా నేను" అంది. ఆమెకు జీతం వస్తుంది, నిజమే. కానీ ఆ మాటకు జీతం లేదు. దానికి నేను ఏ లెక్కన చెల్లించాలి?

చికిత్సకు రెండు దారులున్నాయి. రక్తంలోని ప్లాస్మాను, అంటే కణాలు పోగా మిగిలే ద్రవాన్ని, యంత్రంతో మార్చడం ఒకటి, ఇమ్యునోగ్లోబులిన్ నరంలోకి ఎక్కించడం రెండోది. రెండూ దాదాపు ఒకే ఫలితం ఇస్తాయన్నారు. నాకు రెండోది ఎక్కించారు, మామూలుగా అందరికీ ఇచ్చే లెక్కనే: కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. చిన్న చిన్న గాజు సీసాలు, పైన తెల్లటి నురగ. ఖరీదు చూసి నా భార్య బంగారం తాకట్టు పెట్టింది. ఆ సీసాలో ఉన్నదేమిటని రౌండ్స్‌కి వచ్చిన చిన్న డాక్టరుగారిని అడిగాను. ఆమె తీరిగ్గా నిలబడి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఇచ్చిన ప్లాస్మా అంతా ఒకచోట కలిపి, అందులోంచి క్రిములతో పోరాడే ఈ ప్రతిరక్షకాలను వేరు చేస్తారట. ఒకరిద్దరిది సరిపోదు, వేలమందిది కలవాలి. "ఎవరెవరిది సార్ అని అడగకండి, ఎవరికీ తెలియదు" అని నవ్వింది.

ఆ రాత్రి నిద్రపోలేదు. వేలమంది. వాళ్ళలో ఎవరు ఏ కులమో, ఏ మతమో, ఏ ఊరో ఆ సీసా మీద రాయలేదు. మా తాతను బావి దగ్గర నిలబడనివ్వని ఇంటి మనవడూ ఉండొచ్చు. నాకు నచ్చని పార్టీవాడూ, ఏ దేవుణ్ణీ నమ్మనివాడూ ఉండొచ్చు. వాళ్ళందరి నుంచి వచ్చింది నా చేతి నరంలోకి చుక్కచుక్కగా దిగుతోంది. ఒక్కరికీ బదులు గిన్నె పంపలేను. దండం పెడదామన్నా చేతులు లేవవు. శరీరమొకటే, అవయవాలు అనేకం అని బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథీయులకు రాసిన మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. కన్ను చేతితో నీతో నాకు పనిలేదని అనడానికి వీల్లేదని కూడా అక్కడే ఉంది. పౌలు క్రైస్తవ సంఘం గురించే రాశాడు. ఆ మంచం మీద మాత్రం నాకు ఆ మాట సంఘం గోడలు దాటి చాలా దూరం పోయినట్టనిపించింది.

చూడ్డానికి వచ్చిన విశ్వాసుల్లో చాలామంది ప్రేమతో వచ్చారు. కొంతమంది మాటలు మాత్రం గుచ్చుకున్నాయి. దాచిన పాపమేదైనా ఉంటే ఒప్పుకోమని ఒకాయన చెవిలో చెప్పాడు. బైబిల్లో కష్టాలపాలైన యోబుకు అతని స్నేహితులు ఇదే చెప్పారు, వాళ్ళు చెప్పింది సరికాదని దేవుడే చివర్లో అన్నాడు. ఇంకో బోధకుడు ఫోన్లో, సూదులు ఆపించి స్వస్థత ప్రకటించు, నీ విశ్వాసమే నిన్ను లేపుతుందన్నాడు. ఈ బోధ ఎంత ప్రమాదమో గట్టిగానే చెప్పాలి. ఈ జబ్బులో రోజులు కాదు, గంటలు ముఖ్యం. సువార్త రాసిన లూకా వైద్యుడు. తన శిష్యుడు తిమోతి కడుపునొప్పికి పౌలు ఒక ఉపాయం రాసి పంపాడు గానీ అవిశ్వాసివని తిట్టలేదు. తన శరీరంలోని ముల్లు తియ్యమని అదే పౌలు మూడుసార్లు వేడుకుంటే దేవుడు తియ్యలేదు, కృప చాలునన్నాడు. విశ్వాసం నా కండబలం లాంటిదనీ, ఎంత గట్టిగా పట్టుకుంటే అంత పని చేస్తుందనీ చెప్పే బోధలో నాకు భక్తి కనపడదు. నేనే, నా వల్లే అనే లోకపు గర్వం గుడి బట్టలు కట్టుకుని వచ్చినట్టే అది.

మా చర్చి పాస్టరు అయ్యగారు మాత్రం వచ్చి ఎక్కువ మాట్లాడలేదు. మార్కు సువార్త రెండో అధ్యాయం చదివాడు. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డముంటే పైకప్పు విప్పి, యేసు ముందుకు దించిన సంగతి. యేసు వాళ్ళ విశ్వాసం చూశాడని ఉంది. మంచం మీద ఉన్నవాడు ఒక్క మాట మాట్లాడినట్టు ఎక్కడా లేదు. మనిషిని నలుగురు మొయ్యడమంటే మన దగ్గర పోయాకే. బతికుండగా ఆ నలుగురికీ బరువవడానికి ఒప్పుకున్న మనిషి అతను. నేను ఊపిరి కూడగట్టుకోలేక, ప్రార్థన చెయ్యలేక ఉన్నప్పుడు ఆ భాగం నన్ను పట్టుకుంది.

గుండ్లకమ్మ బాప్తిస్మాలు కూడా అప్పుడే కొత్తగా అర్థమయ్యాయి. ఆ రోజు ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. మా బాప్తిస్టుల పద్ధతిలో మనిషిని వెనక్కి వాల్చి పూర్తిగా ముంచుతారు. ఎవరికి వాళ్ళు ఇచ్చుకునేది కాదది. వీపు కింద ఇంకొకరి చెయ్యి ఉంటేనే కుదురుతుంది, వాళ్ళు లేపితేనే లేస్తాం. క్లౌగారి గురించి మా వైపు చెప్పుకునే మరో సంగతి ఉంది. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవాళ్ళు అన్నప్పుడు, ఆయనా, ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందట. దేవుడు బలహీనులను ఏర్పరచుకున్నాడు, ఎవడూ అతిశయపడకుండా, అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోది. ఆ భాగంతో మా పెద్దలు లోపలికి వచ్చారు. లోపలికి వచ్చాక అతిశయపడకూడదన్న చివరి ముక్క మా తరానికి కూడా వర్తిస్తుందని ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు.

ఊపిరి నిలబడింది, వెంటిలేటరు తప్పింది. ఆ తర్వాతి నెలలు నిదానం. నరం తిరిగి పెరిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందని ఫిజియోథెరపీ చేసే అబ్బాయి చెప్పాడు. నడుం నుంచి పాదం దాకా ఆ లెక్క వేసుకుంటే ఓపిక ఎంత కావాలో తెలుస్తుంది. కనిగిరి వైపు నుంచి మా బాబాయి కొడుకు వచ్చి దగ్గరుండి చూసుకున్నాడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కాలుతున్న రోజులవి, వాడక్కడ ఉండాల్సిన సమయం. పొలం పెళ్ళానికీ, బామ్మర్దికీ అప్పజెప్పి వచ్చాడు. పొద్దున్నే నన్ను చంకల కింద పట్టి లేపి, కడ్డీల మధ్య నిలబెట్టి, నా పాదం ముందు వాడి పాదం పెట్టి "ఈ పక్కకన్నా, ఊఁ, వెయ్యి" అనేవాడు. వెళ్ళే రోజు నా భార్య చేత కవరు ఇప్పించాను. వాడు తీసుకోలేదు. నా వంక చూసి, "ఏందన్నా, నేను కూలికొచ్చినానా?" అన్నాడు. కోపంగా కాదు, బాధగా అన్నాడు. కవరు లోపల పెట్టెయ్యమన్నాను. బ్యారన్‌లో వాడికి ఎంత నష్టమొచ్చిందో నాకు తెలియదు, అడగలేదు. తెలిస్తే తీర్చాలని చూస్తాను, అది వాడికి ఇంకా బాధ.

ఇప్పుడు కర్రతో నడుస్తున్నాను. ఎడమ పాదానికి ప్లాస్టిక్ పట్టీ ఉంది, మడమ కింద స్పర్శ పూర్తిగా రాలేదు. చర్చి మెట్ల దగ్గర ఎవరో ఒకరు చెయ్యి ఇస్తారు, పట్టుకుంటాను. ప్రభుభోజనం రోజున చిన్న గ్లాసు చేతిలో వణికితే పక్కనున్నాయన కింద చెయ్యి పెట్టాడు.

చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. మైకు ముందు నిలబడి ఆ సుత్తి దెబ్బ దగ్గర్నుంచి చెప్పాను. ఆయమ్మ గురించి, మా తమ్ముడి గురించి, ఆ సీసాల గురించి చెప్పాను. దేవుడు ఇన్ని చేతులతో పట్టుకున్నాడు అన్నాను. ఒక్క ప్రార్థనతో లేచి నడిచాననే మాట కోసం ఎదురుచూసినవాళ్ళకు అది చప్పగా అనిపించి ఉండొచ్చు, కానీ జరిగింది ఇదే, నాకు ఇదే అద్భుతం. కూటం అయ్యాక స్త్రీల సమాజంలో పెద్దావిడ దగ్గరికొచ్చి అడిగింది, "ఆ మందు ఎవరి రక్తంలోంచి వచ్చిందో వాళ్ళ పేర్లు తెలవ్వా నాయనా?" తెలియదు అవ్వా, వేలమంది అన్నాను. "అయితే అట్టాగే చేద్దాం, పేర్లు లేకుండా" అంది. అప్పటి నుంచి బుధవారం ప్రార్థన కూటంలో, జబ్బుపడినవాళ్ళ పేర్లు చదివాక, పరీక్షలు రాసే పిల్లల పేర్లకు ముందు, ప్లాస్మా ఇచ్చినవాళ్ళ కోసం అని అయ్యగారు చదువుతున్నారు.