మా గడపకు పాలిష్ ఎందుకు వేయలేదంటే

పెయింటర్ షేడ్ కార్డు తెచ్చి సిమెంటు బస్తా మీద పరిచిన రోజే మా ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. టేకు తలుపులు అద్దంలా మెరవాలని నేను. మెరుపు వద్దు, ఫోన్‌లో చూసిన ఇళ్లలాగా మ్యాట్ కావాలని మా ఆవిడ. "ఏదన్న ఏసుకోండ్రి, గడప జోలికి మాత్రం రాకుండ్రి" అని అమ్మ.

నా గ్లాస్ పిచ్చి, అంటే రంగు తళతళ మెరవాలన్న పిచ్చి, పాతదే. 2012 మేలో నల్లగొండలోనే మా పాత ఇంటికి తెల్ల ఎనామిల్ గ్లాస్ వేయించాను. మన దగ్గర మే నెల సాయంత్రాలు ఎట్లుంటాయో తెలిసిందే. గాలిదుమారం లేచి ఆరని రంగు మీద దుమ్మంతా అంటుకుంది. ఆ పైన లైటు పురుగులు. ఆరాక చేత్తో తడిమితే తలుపు గరుకు కాగితంలా ఉంది. మేకు తలలు, రందా సరిగా ఆడని చోట్లు, లప్పం ఎత్తుపల్లాలు, అన్నీ పక్క నుంచి వెలుతురు పడితే లెక్కపెట్టేటట్టు కనిపించేవి. గ్లాస్ వేయాలంటే కింద పని చక్కగా ఉండాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదేమో.

రెండేళ్లకు అల్మారా తలుపులు లోపలి వైపు పచ్చబడ్డాయి. బయట మల్లెపూవు, లోపల మీగడ. నకిలీ రంగు అంటగట్టావని కొట్టాయనతో తగువు కూడా పెట్టుకున్నా. నూనె రకం తెల్ల ఎనామిల్ వెలుతురు తగలని చోట పచ్చబడుతుందని తర్వాత తెలిసింది. పాపం, ఆయన తప్పేం లేదు. ఈసారి అల్మారాలకు నీళ్లు కలిపి వేసే ఎనామిల్ వేయించాం. అది పచ్చబడదు, వాసనా తక్కువ.

సరే, మా ఆవిడ మ్యాట్ సంగతి. వడ్రంగి వదిలేసిన టేకు ముక్కలు మూడు తీసుకుని గ్లాస్, మ్యాట్, రెంటికీ నడుమ మెరుపుండే శాటిన్ ఒక్కోదానికి ఒక్కోటి వేయమన్నాను. అవి బాగా గట్టిపడ్డాక వారం రోజులు పొయ్యి పక్కనే పెట్టాం. పోపు నూనె చిందింది, పసుపు చేతులు పడ్డాయి. తర్వాత తడిగుడ్డ, గిన్నెల సబ్బుతో తుడిస్తే గ్లాస్ ముక్క ఇట్టే శుభ్రమైంది. మ్యాట్ ముక్క మీద మరక సగమే పోయింది. పైగా గట్టిగా రుద్దిన చోట మెరుపు తేలి రూపాయి బిళ్లంత మచ్చ పడింది. రోజూ చేయి పడే పిడి దగ్గర మొత్తం ఇట్లాగే అవుతుందన్నమాట. శాటిన్ ముక్కను చూసి ఇద్దరం రాజీపడ్డాం. అమ్మమ్మ రోకలికి నడుమ చేయి పడే చోట ఒక నిగనిగ ఉండేది, సరిగ్గా అంతే మెరుపు. మ్యాట్ ఒక్క పడకగది కిటికీలకే వేశాం, వాటిని ముట్టుకునేవాళ్లు లేరు.

మెలమైనా, పీయూనా (పాలీయురెథేన్) అని ఇంకో చర్చ, రెండూ చెక్కకు వేసే పాలిష్‌లే. మెలమైన్ చవక, కానీ ఆ ఘాటుకు కళ్లు మండుతాయి. పీయూ ఖర్చు ఎక్కువ, గట్టిదనమూ ఎక్కువ. పీయూకే ఒప్పుకున్నాం. తీరా కొట్టే రోజు ముసురు పట్టింది. చెమ్మ తగిలితే అందులో బుడగలు వస్తాయని పెయింటర్ నాలుగు రోజులు పని ఆపాడు. ఆ ఒక్క విషయంలో ఆయనకు నూటికి నూరు మార్కులు. 120, 180, 220 నంబర్ల గరుకు కాగితంతో చెక్క గీతల వెంటే రుద్దించాడు, అడ్డంగా రుద్దిన కుర్రాణ్ని తిట్టాడు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ముందు థిన్నర్ గుడ్డతో తుడిపించాడు. ముక్కుకు మాత్రం కర్చీఫే. అది దేన్ని ఆపుతుంది? మంచి మాస్కు కొనిచ్చాను. రెండో రోజుకు స్కూటర్ హ్యాండిల్‌కు వేలాడుతోంది.

తాత సందుగకు పీయూ వద్దన్నాను. దానికి లక్క పాలిష్ చేయించాం. లక్క పురుగు మన మోదుగ చెట్ల మీద కూడా బతుకుతుంది. ఆ లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దుతారు. వేడి గిన్నె పెట్టినా, నీళ్లు నిలిచినా తెల్లమచ్చ పడుతుంది, కానీ గీతలు పడితే ఆ చోట మళ్లీ రుద్దుకోవచ్చు. సందుగ మీద గిన్నెలెవరు పెడతారు!

ఇక గడప. అమ్మ శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాసి బొట్లు పెడుతుంది. పీయూ వేసిన ముక్క మీద ఆమెతోనే పసుపు రాయించి చూశా. తడి మీద జారింది, ఆరాక పొట్టులా రాలింది. ఉత్త చెక్కైతే పసుపును పట్టుకుంటుంది. మరి కడిగిన ప్రతిసారీ నీళ్లు తాగదా అంటే, తాగుతుంది. అన్నిటికన్నా ఎక్కువ తాగేవి కోసిన కొనలే. అదృష్టం, వడ్రంగి బిగించకముందే కొనలకూ అడుగుకూ ప్రైమర్ పూశాడు. పైభాగం ఉత్తగా వదిలేశాం.

ఉత్తగా అంటే దాదాపు. దర్వాజకు పీయూ కొట్టేటప్పుడు గడప మీద పరిచిన పేపరు ఎడమ మూలన లేచింది, రెండంగుళాల మేర తుంపర పడింది. అక్కడ పసుపు ఇప్పటికీ అంటదు. అమ్మ ఆ మూలకు వచ్చినప్పుడల్లా చేయి ఆపి, కుర్చీలో ఉన్న నావైపు ఒకసారి చూసి, మళ్లీ రాస్తుంది.