ఎఫ్‌సీ 150: క్యాబిన్ ఫ్లోరు మీద మళ్లీ పొక్కులు

పొక్కులు మళ్లీ లేచాయి. నేను బాగుచేసుకుంటున్న పాత మహీంద్రా ఎఫ్‌సీ 150 జీపు ట్రక్కులో, క్లచ్ పెడల్ కింది రేకు మీద, ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి అడుగున వేసే పెయింటు) కింది నుంచి, అదే చోట, అదే వరసలో. పోయిన నెల ప్రైమర్ ఆరగానే ఫొటోలు తీసి గూడూరులో మా బావకి పంపి తెగ మురిసిపోయాను. నిన్న సాయంత్రం టార్చి నేలకి ఆనించి వెలుగు ఏటవాలుగా పడేలా చూస్తే, ఆ రేకు ఆటలమ్మ పోసిన వీపులా ఉంది. ఇంతగా ఒళ్లు మండి చాలా రోజులైంది.

బాగా జరిగినవి ముందే చెప్పేసి పక్కన పెడతాను. ఇంజన్ నడుస్తోంది, ఆయిల్ ప్రెషర్ బాగుంది. వీల్ సిలిండర్లకి కొత్త కప్పులు వేశాక బ్రేకు గట్టిగా నిలబడుతోంది. బిగుసుకున్న టెయిల్ గేటు కీళ్లు ఎట్టకేలకు ఊడొచ్చాయి. మిగతాదంతా ఈ ఫ్లోరు గోలే.

ఈ బండిలో ఫ్లోరే ఎందుకు ఇంత ఏడిపిస్తోందో చెప్పాలి. ఎఫ్‌సీ అంటే ఫార్వర్డ్ కంట్రోల్. విల్లిస్ కంపెనీ 1957 మోడల్‌గా అమెరికాలో దింపిన డిజైన్‌ని ఇక్కడ మహీంద్రా తయారుచేసింది. వీల్‌బేస్ 81 అంగుళాలే. ఇంజన్ రెండు సీట్ల మధ్య డబ్బాలో ఉంటుంది, డ్రైవర్ ముందు చక్రం మీద కూర్చుంటాడు. అంటే చక్రం ఏం ఎగజిమ్మినా నేరుగా కాళ్ల కింది రేకుకే. పైగా నా బండి చాలా ఏళ్లు నెల్లూరు తీరంలో జువ్వలదిన్నె వైపు చేపల పెట్టెలు మోసింది. కింద ఉప్పు ఇసుక, పైన తడి వలలు, ఐసు నీళ్లు.

ఇప్పుడు కొలతలు. రేకు అసలు మందం 1.2 మి.మీ. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుకలాంటి రవ్వ కొట్టి తుప్పు తీయడం) అయ్యాక తుప్పు తిన్న గుంటల్లో కాలిపర్ వెనక పుల్ల దించి చూస్తే 0.3 నుంచి 0.5 మి.మీ. లోతు వచ్చింది. ప్రైమర్ రెండు కోట్లు, మొత్తం 110 నుంచి 130 మైక్రాన్లు. పొక్కులు 1 నుంచి 3 మి.మీ. వెడల్పు. అన్నీ గుంటలున్న చోటే, చదునుగా ఉన్న చోట ఒక్కటి లేదు. ప్యాసింజర్ వైపు ఫ్లోరు పూర్తిగా చిల్లులు పడితే కోసేసి కొత్త 1.2 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు మిగ్ వెల్డింగ్‌తో అతికించాను. అక్కడ కూడా ఒక్క పొక్కు లేదు. అదే డబ్బా ప్రైమర్, అదే గన్ను, అదే పూట. కాబట్టి ప్రైమర్‌ని తిట్టడానికి వీల్లేదు.

ఒక పొక్కుని సూదితో పొడిస్తే నీళ్లలాంటి చుక్క బయటికొచ్చింది. పీహెచ్ కాగితం 8కీ 9కీ మధ్య రంగు చూపించింది, అంటే కాస్త క్షారం. పొర ఒలిస్తే కింద ఇనుము ఎర్రగా లేదు, తడి బొగ్గులా నల్లగా ఉంది. చూస్తుండగానే కొన్ని నిమిషాల్లో గోధుమరంగుకి తిరిగింది. పెయింటు కింద ఉప్పు మిగిలితే అది గాలిలో తేమని పొర గుండా లోపలికి లాక్కుంటుంది. ఎపాక్సీ ఎంత మంచిదైనా నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. లోపల చేరిన నీళ్లు పొరని పైకి నెడతాయి. ఇది అదే అనిపించింది. కానీ అనిపిస్తే చాలదు కదా.

అందుకే చెన్నై ప్యారీస్ కార్నర్‌లో కెమికల్ షాపు నుంచి సిల్వర్ నైట్రేట్ తెచ్చాను, ఉప్పులోని క్లోరైడ్ తగిలితే అది తెల్లబడుతుంది. పొక్కు ఒలిచిన చోట డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన దూది అద్ది, ఆ దూదిని గాజు గ్లాసులో పిండాను. కార్బొనేట్లు కూడా తెల్లబడి మోసం చేస్తాయి కాబట్టి ముందు ఒక చుక్క డైల్యూట్ నైట్రిక్ యాసిడ్, తర్వాత సిల్వర్ నైట్రేట్. పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయింది. క్లోరైడ్! అదే పరీక్ష కొత్త రేకు మీద చేస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. చేతికి గ్లవుజులు వేసుకోండి, వేళ్ల మీద పడితే ఆ నల్ల మచ్చలు ఓ పట్టాన పోవు.

ఉప్పు ఉందని తేలింది. ఎక్కడిది?

మొదటి అనుమానం చెన్నై గాలి మీద. తేమ అందరూ చెప్పే కారణమే, కానీ నా కేసులో కుదరడం లేదు. ప్రైమర్ కొట్టిన పూట గాలి 33 డిగ్రీలు, తేమ 62 శాతం. డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత, 25 లోపే. రేకు 35 దాటింది. రేకు డ్యూ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలన్నది రూలు, ఇక్కడ పది ఉంది. ఒక మాట: ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ని బ్లాస్టింగ్ చేసిన రేకు మీదికి నేరుగా గురిపెడితే తప్పు అంకె చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొలవాలి.

రెండోది బ్లాస్టింగ్‌కి వాడిన గార్నెట్ రవ్వ. మన తమిళనాడు గార్నెట్‌లో చాలావరకు సముద్రపు ఇసుకలోంచి తీసిందే, అందులో ఉప్పు ఉండొచ్చని అనుమానం. గుప్పెడు గార్నెట్ ఆర్ఓ నీళ్లలో నానబెట్టి బాగా కలిపితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 38 నుంచి 52కి వెళ్లింది, అంతే. దాన్ని వదిలేశాను.

మూడోది నీళ్లు. అంబత్తూరులో బ్లాస్టింగ్ చేసిన షాపులో దుమ్ము పోవాలని తమ బోరు నీళ్లతోనే కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి ఇచ్చారు. వాళ్ల కుళాయి నీళ్లు సీసాలో పట్టుకొచ్చి కొలిస్తే టీడీఎస్ 1640. పెరంబూరులో మా ఇంటి బోరుదే 1180 ఉంటుంది. చదును రేకు మీద నీళ్లు జారిపోతాయి. గుంటల్లో నిలిచి ఆరిపోతే ఉప్పు అక్కడే చిక్కబడుతుంది. ప్యాసింజర్ వైపు రేకుని ఆ తర్వాత ఇంట్లో అతికించాను, దాని ఒంటికి ఆ నీళ్లు తగల్లేదు.

నాలుగోది చేపల ఉప్పు. బ్లాస్టింగ్ పైతుప్పు తీసేస్తుంది కానీ గుంట అడుగున ఇనుముకి పట్టిన క్లోరైడ్‌ని తీయదు. ఉప్పు తిన్న రేకు, విశ్వాసం ఎక్కడికి పోతుంది!

మూడోదానికీ నాలుగోదానికీ మధ్య ఏది అసలు దొంగో తేల్చడానికి, కోసి పక్కన పడేసిన పాత ప్యాసింజర్ ఫ్లోరు ముక్కలు పనికొచ్చాయి. అన్నీ బ్లాస్ట్ చేయించి, ఒకదాన్ని కడక్కుండా, ఒకదాన్ని బోరు నీళ్లతో కడిగి, ఒకదాన్ని మరిగించిన ఆర్ఓ నీళ్లతో కడిగి ప్రైమర్ కొట్టాను. ఇంకోదాన్ని మాత్రం బ్లాస్ట్ చేశాక రాత్రంతా డాబా మీద తేమలో వదిలేశాను. తెల్లారేసరికి గుంటలున్న చోటల్లా నల్లటి చుక్కలు తేలాయి, ఉప్పు ఎక్కడ దాక్కుందో అదే చూపించింది. దాన్ని వేడి నీళ్లతో నైలాన్ బ్రష్ పెట్టి రుద్ది, చివర డిస్టిల్డ్ వాటర్ పోసి, హీట్ గన్‌తో ఆరబెట్టి, మళ్లీ బ్లాస్ట్ చేయించి ప్రైమర్ కొట్టాను. అన్నిటినీ తడి గోనెసంచిలో చుట్టి డాబా మీద ఎండలో పెట్టాను. వంటింటి ఆర్ఓ నీళ్లు బకెట్లకి బకెట్లు పట్టుకెళ్తుంటే మా ఆవిడ, "అన్నం వండుకునే నీళ్లండీ అవి, లారీకి అభిషేకం చేస్తారా?" అంది. అప్పట్నుంచి క్యాను నీళ్లు కొంటున్నాను. ప్రతి క్యానూ కొలిచాకే వాడాలి, అన్నీ ఒకలా ఉండవు.

ఇప్పటిదాకా తేలింది ఇది. బోరు నీళ్ల ముక్క అన్నిటికంటే ముందు పొక్కింది. కడగని ముక్కా పొక్కింది, కాస్త ఆలస్యంగా. ఒక్కసారి వేడి నీళ్లతో కడిగిన దాని మీద అంచున రెండు మూడు చిన్నవి. రెండుసార్లు బ్లాస్ట్ చేసినది ఇంకా శుభ్రంగా ఉంది. అంటే చేపల ఉప్పు ముందే ఉంది, బోరు నీళ్లు దానికి తోడయ్యాయి. గట్టిగా చెప్పాలంటే ఇంకొన్నాళ్లు ఆ గోనెసంచిని తడుపుతూ ఉండాలి.

పుదుప్పేటలో టింకరింగ్ చేసే మా నెల్లూరు పెద్దాయనది ఒకటే మాట. "అబ్బయా, ఆ రేకు కోసి పారెయ్. దాని ఎముకల్లో సముద్రం ఉండాది." ఆయన చేతికి దండం పెట్టాలి, కానీ కోసేముందు నాకో భయం. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్‌లో, 50 ఏళ్లు దాటి వ్యాపారానికి వాడని బండికి వీఏ సిరీస్ నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి రూ. 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదు. అతుకు వేయడం మార్పు కాదనే నా వాదన. అయినా రెండు వైపులా కొత్త రేకే కనిపిస్తే ఇన్‌స్పెక్షన్‌లో ఏమంటారో! పెడల్ బ్రాకెట్ కూర్చునే ఆ పాత రేకు పోకూడదని నా పట్టుదల కూడా కొంత ఉందనుకోండి.

తుప్పు తీయడం గురించి నా అభిప్రాయాలు ఇవి, గొడవకి రావద్దు. గ్రైండర్‌కి మెలితిప్పిన వైర్ బ్రష్ పెడితే తుప్పు గుంటల్లోకి అదిమి పైన పాలిష్ పెడుతుంది, చూడ్డానికే బాగుంటుంది. 3ఎం ఊదారంగు స్ట్రిప్ డిస్క్ ఖరీదెక్కువే కానీ రేకుని తినదు. తుప్పు మీద పూసే ఫాస్ఫారిక్ కన్వర్టర్ చేయి దూరని చోట్లకి, తలుపు అడుగు మడతలకి మంచిది, కళ్లెదుట ఉన్న ఫ్లోరుకి అనవసరం. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేయమనే పాత పెయింటర్ల సలహా మద్రాసు సముద్రపు గాలికి చాలదు. బిగుసుకున్న బోల్టులకి డబ్ల్యుడీ-40 కంటే ఏటీఎఫ్‌లో (ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె) ఎసిటోన్ కలిపిన మిశ్రమమే నాకు పనిచేసింది, సిగరెట్టు కాల్చేవాళ్లని మాత్రం దూరంగా ఉంచండి.

ఈశాన్య రుతుపవనం అక్టోబరులో దిగేలోపు ఫ్లోరు మూసేయాలి. ఈసారి క్యాబిన్‌ని అంబత్తూరు తీసుకెళ్లను. అద్దెకి చిన్న బ్లాస్టింగ్ పాట్, దాన్ని నడిపేంత కంప్రెసర్ మాట్లాడుతున్నాను, పోర్టికోలో టార్పాలిన్ కట్టి ఇంట్లోనే కొట్టుకుంటా. పక్కింటి వాళ్ల కారుకి కవర్ నేనే కొనిస్తానని ఒప్పించాను. ప్రైమర్‌కి ముందు ప్రతి గుంట దగ్గరా సిల్వర్ నైట్రేట్ పరీక్ష, తెల్లబడితే మళ్లీ కడుగుడే. రేకు అడుగు భాగానికి స్టోన్ గార్డ్ (రాళ్ల దెబ్బ తట్టుకునే పూత) వేయాలా, రబ్బరు అండర్‌కోటింగా అన్నది తేలలేదు. రబ్బరు ఒకచోట పగిలితే లోపల నీళ్లు నిలుస్తాయి కాబట్టి నా మొగ్గు స్టోన్ గార్డ్ వైపే.

ఈలోగా ముందు అద్దం రబ్బరు వెతకాలి. పాత రబ్బరు ముక్క కోసి జేబులో పెట్టుకుని జనరల్ ప్యాటర్స్ రోడ్డు షాపులన్నీ తిరుగుతున్నాను. అద్దం గాడి 6 మి.మీ., రేకు గాడి 2 మి.మీ. దొరికింది 5కీ 3కీ సరిపోయేదే. మీలో ఎవరి దగ్గరైనా ఆ సైజు ఉంటే చెప్పండి, మీటరు లెక్కన కొంటాను.