ఎకరానికి ఎన్ని పిల్లలు? మా చెరువులో హైబ్రిడ్ బాస్‌తో నా అనుభవం

నేను చెరువు కమిటీ బాధ్యత తీసుకున్న రోజు పాత దస్త్రంలో చేపలకు సంబంధించి దొరికింది ఒకే ఒక్క కాగితం. అది జూన్ నెలలో రెండంగుళాల హైబ్రిడ్ స్ట్రైప్డ్ బాస్ పిల్లలు 1,000 కొన్న రసీదు. ఆ వెయ్యింటిలో ఒక్కటైనా ఎవరి గాలానికైనా పడిందా అని ఇంటింటికీ వెళ్లి అడిగాను. పడిందన్నవారు లేరు. వదిలిన మర్నాడు ఒడ్డు వెంబడి తెల్లగా తేలిన పిల్లలను చూశామని మాత్రం ఇద్దరు పెద్దవాళ్లు చెప్పారు.

మేముండేది ఉత్తర టెక్సాస్‌లో. కాలనీ మధ్య వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి కట్టిన 22 ఎకరాల చెరువు ఉంది. కట్ట దగ్గర లోతు 18 అడుగులు. మత్తడి దూకిన నీరు వాగు గుండా లూయిస్‌విల్ సరస్సులో కలుస్తుంది. చేపల వృత్తి మీద బతికిన కుటుంబంలో పుట్టినవాణ్ని, మా నాయిన ఇప్పటికీ సిద్దిపేట వైపు ఊరి మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. అందువల్ల ఆ రసీదు నాకు డబ్బు నష్టంగా కన్నా చేపపిల్లల చావుగానే కనిపించింది. అదే తప్పు మళ్లీ జరగకూడదని మొదలుపెట్టిన పని నాలుగేళ్లు సాగింది.

ముందుగా ఆ చేప సంగతి చెప్పాలి. స్ట్రైప్డ్ బాస్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కే చేప. వైట్ బాస్ పూర్తిగా మంచినీటి చేప. 1965లో దక్షిణ కరోలినాలోని మాంక్స్ కార్నర్ హేచరీలో రాబర్ట్ స్టీవెన్స్ ఈ రెండింటినీ కలిపి కొత్త చేపను తీశారు. తల్లి స్ట్రైప్డ్ బాస్ అయితే దాన్ని పామెట్టో బాస్ అంటారు, తల్లి వైట్ బాస్ అయితే సన్‌షైన్ బాస్ అంటారు. స్ట్రైప్డ్ బాస్ గుడ్డు పొదగడానికి దాదాపు రెండు రోజులు పారే నీటిలో తేలుతూ ఉండాలి, నిలిచిన నీటిలో అడుగుకు దిగితే చచ్చిపోతుంది. మన బొచ్చె, రవ్వ చేపలు కూడా చెరువులో గుడ్లు పెట్టవు కదా. ఒడిశాలోని అంగుల్‌లో 1957లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో ఈ జాతి చేపలను ఈనించిన తరువాతే మన చెరువులకు నమ్మకమైన విత్తనం దొరికింది. ఈ రెండు దేశాల చేపల కథ ఇంత దగ్గరగా ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

హైబ్రిడ్ గొడ్డు చేపేమీ కాదు కానీ, మా చెరువులాంటి చోట దాని సంతతి నిలవదు. అంటే చెరువులో ఎన్ని ఉన్నాయన్నది మనం ఎన్ని వదిలాము, ఎన్ని పోయాయి అన్న లెక్క మీదే ఆధారపడుతుంది. ఎక్కువ వదిలితే ఆ తప్పు ఐదారేళ్లకు, అంటే ఆ చేపల ఆయుష్షు తీరేసరికి, తనంతట తానే సర్దుకుంటుంది. కానీ ఆలోగా మిగతా చేపల కడుపు కొడుతుంది.

కమిటీలో చాలామంది హైబ్రిడ్లు కావాలన్నది గిజార్డ్ షాడ్ అనే మేత చేప బెడద తీరుతుందన్న ఆశతో. అక్టోబరులో ఒక చేపల నిపుణుణ్ని పిలిపించి, నీటిలోకి కరెంటు పంపి చేపలను కాసేపు మత్తెక్కించే పడవతో సర్వే చేయించాము. రాత్రి దీపాల వెలుగులో షాడ్ చేపలు వెండి రేకుల్లా కుప్పలుగా పైకి తేలాయి. పట్టి కొలిస్తే ఎక్కువ భాగం ఎనిమిదంగుళాలు దాటినవే. వాటిని తిని బతికే లార్జ్‌మౌత్ బాస్ మాత్రం పది, పన్నెండు అంగుళాల దగ్గరే ఆగిపోయి, తల పెద్దదిగా, పొట్ట లోపలికి పోయి ఉన్నాయి. షాడ్ తొందరగా పెరిగి వాటి నోటికి అందకుండా పోతోంది, చిన్న షాడ్ మాత్రం చాలడం లేదు. హైబ్రిడ్ నోరు లార్జ్‌మౌత్ నోటికన్నా చిన్నదనీ, అది పెద్ద షాడ్‌ను తినలేదనీ, ఏటా కొత్తగా పుట్టే షాడ్ పిల్లలను నడి నీటిలో గుంపుగా తరిమి తిని వాటి సంఖ్యను అదుపులో పెట్టడమే అది చేయగల పని అనీ నిపుణుడు వివరించాడు. ఆ మాట సమావేశంలో చెప్పినప్పుడు కొందరి ముఖాలు చిన్నబోయాయి. అయినా అప్పుడే చెప్పడం మంచిదైంది, లేకపోతే పెద్ద షాడ్ తగ్గలేదని రెండేళ్లకు మళ్లీ నిష్ఠూరమే మిగిలేది.

ఆ సర్వేకు ముందే, ఆగస్టులో, నేను తాడుకు మీటరు కట్టి పడవలోంచి అడుగు అడుగుకూ దించుతూ నీటి వేడినీ, కరిగిన ఆక్సిజన్‌నూ రాసుకున్నాను. పైన 31 డిగ్రీల సెల్సియస్, పన్నెండు అడుగుల కింద నీరు చల్లగానే ఉన్నా ఆక్సిజన్ లీటరుకు రెండు మిల్లీగ్రాములు కూడా లేదు. పెద్ద స్ట్రైప్డ్ బాస్ 25 డిగ్రీలకన్నా చల్లని నీటిని వెతుక్కుంటుంది. ఇటువంటి చెరువులో పైన వేడి, కింద ఊపిరాడని నీరు, మధ్యలో దానికి చోటుండదు. హైబ్రిడ్ ఆ వేడిని మరింత తట్టుకుంటుంది కనుకే దాన్ని ఎంచుకున్నాము. మీటరు అద్దెకు తెచ్చిన ఆ ఒక్క పూట పని మమ్మల్ని అసలు స్ట్రైప్డ్ బాస్ కొనాలన్న ఆలోచన నుంచి కాపాడింది.

పిల్ల సైజు గురించి మాత్రం నాకు తేలడానికి నిపుణుడి మాటకన్నా ముందు ఒక ఫోను చాలింది. పాత రసీదు సంగతి చెప్పగానే మా నాయిన, "కొర్రమట్టలున్న చెరువుల వేలెడంత పిల్లను ఇడిస్తే వాటికి మేత ఏసినట్టే బిడ్డా. సైజు అడిగినవా?" అన్నాడు. తెలంగాణలో ఉచిత చేపపిల్లల పంపిణీలో కూడా సీజనల్ చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలనూ, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలనూ ఇస్తారు. ఆకలితో ఉన్న లార్జ్‌మౌత్ నిండిన చెరువులో రెండంగుళాల పిల్ల బతకదు. ప్రభుత్వ శాఖలు పెద్ద జలాశయాల్లో చిన్న పిల్లలను లెక్కలేనన్ని వదలగలవు, మా డబ్బుకు అది తగదు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాలవే కొనాలని నిర్ణయించాము. ఖర్చు ఒక్కో చేపకు ఎన్నో రెట్లు పెరిగింది, సంఖ్య తగ్గించుకున్నాము.

ఆ సంఖ్య దగ్గరే అసలు వాదన. ఎకరానికి యాభై కావాలని ఒక వర్గం పట్టుబట్టింది. చిన్న షాడ్ ఎంత ఉందో తెలియకుండా అన్ని నోళ్లు దించకూడదని నేను నిలబడ్డాను. చివరికి ఎకరానికి పది, మొత్తం 220 అని ఒప్పుకున్నాము. టెక్సాస్‌లో అనుమతి లేకుండా ప్రజా జలాల్లోకి చేపలు వదలడం నేరం. మా చెరువు ప్రైవేటుదే అయినా, వరద వస్తే హైబ్రిడ్లు మత్తడి మీదుగా దిగువకు పోతాయి, అక్కడ వైట్ బాస్‌తో కలిసే వీలూ ఉంది. అందుకని రాష్ట్ర శాఖకు ముందే రాసి అడిగి, మత్తడికి ఇనుప కడ్డీల అడ్డు పెట్టించాము.

నవంబరులో ట్యాంకరు వచ్చింది. చేపల ఒత్తిడి తగ్గడానికి ట్యాంకు నీటిలో ఉప్పు కలిపి ఉంది. ఆ నీటికీ చెరువు నీటికీ ఆరు డిగ్రీల తేడా. డ్రైవరు వెంటనే గొట్టం తెరుస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. గంటన్నర పాటు బకెట్లతో చెరువు నీరు ట్యాంకులోకి పోస్తూ, ట్యాంకు నీరు బయటికి తీస్తూ, థర్మామీటరు చూస్తూ నిలబడ్డాము. ఒక పిల్లను తడి చేతుల్లోకి తీసుకున్నాను. వెండి రంగు ఒంటి మీద నల్లటి గీతలు పొడవునా సాగి, మధ్యలో తెగి, పక్క వరుసలోకి జరిగి మళ్లీ మొదలవుతున్నాయి. వీపు ముల్లు అరచేతిలో గుచ్చుకుని రక్తం వచ్చింది. నీటిలోకి దించగానే తోక ఒక్కసారి కొట్టి లోతుకు వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున గాలి తోసే ఒడ్డంతా నడిచి వెతికితే చచ్చినవి మూడే దొరికాయి. ఆ పొద్దున నాకు కలిగిన నిశ్చింత ఇప్పటికీ గుర్తుంది.

తరువాతిది నియమాల పని. టెక్సాస్‌లో రాష్ట్రవ్యాప్తంగా హైబ్రిడ్‌కు కనీస పొడవు 18 అంగుళాలు, రోజుకు ఐదు. వైట్ బాస్‌కు పది అంగుళాలు, రోజుకు ఇరవై ఐదు. మావాళ్లు లూయిస్‌విల్‌కు కూడా వెళతారు కనుక రెండింటినీ గుర్తుపట్టడం నేర్పాను. నాలుక మీద పళ్ల గరుకు మచ్చ ఒక్కటే ఉంటే వైట్ బాస్, పక్కపక్కన రెండు ఉంటే హైబ్రిడ్. మా చెరువులో పద్దెనిమిది అంగుళాలకు పైబడినవి రోజుకు రెండే తీసుకోవాలన్నాము. జూలై, ఆగస్టులలో ఈ చేపకోసం గాలం వేయనే వద్దన్నాము. వేడి నీటిలో పోరాడి అలసిన హైబ్రిడ్‌ను వదిలితే ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది, కానీ చాలావరకు లోపల చచ్చిపోతుంది. ఈ నియమాన్ని ఒప్పించడానికే నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

రెండో, మూడో నవంబరుల్లో 110 చొప్పున వదిలాము. మొదటి జట్టు చేపలు రెండేళ్లు నిండకుండానే పదిహేడు అంగుళాలకు వచ్చాయి, గాలం లాగిన కాలనీ పిల్లల కేకలు మా ఇంటిదాకా వినిపించేవి. నాలుగో ఏడు మార్చిలో నిపుణుడితో రాత్రంతా గిల్ వల, అంటే చేపల మొప్పలు చిక్కుకునే వల, వేయించాము. పొద్దున పద్నాలుగు హైబ్రిడ్లు వచ్చాయి. ప్రతి చేపనూ తూచి, ఆ పొడవుకు ఉండాల్సిన ప్రామాణిక బరువుతో పోల్చాము. నూటికి నూరు ఉండాల్సింది, చాలావాటికి ఎనభై దగ్గరే వచ్చింది. పొట్టలు కోసి చూస్తే తొమ్మిదింటిలో ఏమీ లేదు, రెండింటిలో పురుగులు, మూడింటిలో మాత్రమే చిన్న షాడ్. మేము వదిలిన నోళ్లకు చెరువు పెట్టగలిగిన మేత అంతే.

ఆ కాగితాలతో సెప్టెంబరులో సమావేశానికి వెళ్లి, ఈ ఏడు పిల్లలను వదలవద్దని ప్రతిపాదించాను. డబ్బు బడ్జెట్‌లో ఉంది, ఖర్చు చేయకపోతే వచ్చే ఏడు కోత పడుతుందని కోశాధికారి భయం. ఈ ఏటి జట్టు లేకపోతే రెండు మూడేళ్లకు పెద్ద చేపల్లో ఖాళీ కనబడుతుందని మరొకరు అన్నారు. అది నిజమే, దాన్ని దాచకుండా నోటీసు బోర్డులో రాశాను. ఆకలితో ఉన్న చేపల మధ్యకు మరో 110 ఆకళ్లను దించడంకన్నా ఆ ఖాళీయే మేలని నా నమ్మకం. ఓట్లు ఏడుకు ఐదుగా వచ్చి ప్రతిపాదన నెగ్గింది.

చెరువు పుస్తకంలో ఈ నవంబరు పేజీలో వదిలిన పిల్లల గడిలో సున్నా రాసి సంతకం చేశాను. కింది వరుసలో మార్చి గిల్ వల తేదీ వేసి, తాసు తెచ్చే బాధ్యత ఎవరిదో కూడా రాసిపెట్టాను.